ఎస్తేరు టీచర్ నింపిన ఫారాలు

విజయ్ కుమార్ పెనుకొండను పోగొట్టుకున్నది ఒక బుధవారం మధ్యాహ్నం. పెనుకొండ అంత తేలిగ్గా పోయే వస్తువు కాదు. హిందూపురం నుంచి వచ్చే రైల్లో కూర్చుంటే, ఊరి కంటే ముందు కొండే కనిపిస్తుంది. ఆ కొండ కింద పుట్టి ముప్పై ఆరేళ్లు పెరిగిన మనిషి, రైలు ఆగినా దిగలేదు. ధర్మవరంలో బోగీ ఖాళీ అయ్యాక దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడ టీ అమ్మే నాగక్క చాలాసేపు చూసి, అతని ఫోను అడిగి తీసుకుని, చివరగా మాట్లాడిన నంబరుకు చేసింది.

ఆ నంబరు అతని అక్క ఎస్తేరుది. పెనుకొండలో చిన్నబడి టీచరు. సగం రోజు సెలవు చీటీ రాసిచ్చి, బస్సెక్కి ధర్మవరం పోయింది.

తమ్ముడు ఆమెను చూసి నవ్వాడు. "పోదాం పాక్కా. అమ్మ అన్నం తినకుండా కూర్చోనుంటాది."

అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. శవపెట్టెకు ముందువైపు భుజం పట్టింది ఇతనే. ఎస్తేరు బస్సులో అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

విజయ్ కుమార్ బాక్సరు. ఆ మాట చెబితే ఎన్ని కప్పులు గెలిచావని అడుగుతారు జనం. అతని పని గెలవడం కాదు. బెంగళూరులోనూ ఆ చుట్టుపక్కలా పైకి రావాల్సిన కుర్రాళ్లు కొందరుంటారు. పైకి రావాలంటే ఎవరో ఒకరిని కొట్టాలి. ఆ ఎవరో ఒకరు మరీ తొందరగా పడిపోతే చూడవచ్చినవాళ్లు గొణుగుతారు. పొరపాటున గెలిస్తే కుర్రాడి తరఫువాళ్లు గొణుగుతారు. ఆరు రౌండ్లు నిలబడి, మర్యాదగా ఓడిపోయి, మరుసటి రోజు ఏ రైలుకో ఇల్లు చేరుకునే మనిషి కావాలి. అలాంటి బుద్ధిమంతులు దొరకడం కష్టం. విజయ్ కుమార్ పద్నాలుగేళ్లలో నలభై ఒక్కసారి రింగు ఎక్కి ఆరుసార్లు గెలిచాడు. ఆ ఆరింటికి సునీల్ ఎంతో నొచ్చుకున్నాడు.

సునీల్‌ది హిందూపురం. జోడీలు కుదర్చడం అతని వృత్తి. పెళ్లిళ్ల పేరయ్య పనే గానీ, ఇక్కడ రెండు జాతకాలూ చూసేది ఎవరు ఓడాలో ముందే తేల్చుకోవడానికి.

ప్రతి పోటీకి ముందు బాక్సరు ఒక ఆరోగ్య ఫారం ఇవ్వాలి. ఎనిమిది ప్రశ్నలు. తలనొప్పి వస్తుందా, మరుపు ఉందా, చూపు మసకబారుతుందా అంటూ సాగుతాయి. మూడో ప్రశ్న, గడచిన అరవై రోజుల్లో తలకు దెబ్బ తగిలి పడిపోయారా అని. పడినవాణ్ణి అరవై రోజులు రింగు ఎక్కనివ్వకూడదని నియమం. నియమం పెట్టినవాళ్లు మంచివాళ్లే. పడ్డావా లేదా అని పడ్డవాణ్ణే అడగడంలోనే తెలుస్తుంది, మనుషుల మీద వాళ్లకు ఎంత నమ్మకమో.

ఎస్తేరుకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆ వీధిలో ఎవరి ఫారమైనా ఆమె గడపకే వస్తుంది. పింఛను, రేషను కార్డు, బడి మార్పు, ఏదైనా సరే, తప్పు లేకుండా రాసి, ఒక జిరాక్సు తీయించి దాచిపెడుతుంది. తమ్ముడి ఫారాలూ అలాగే వచ్చాయి. ఆమె ప్రశ్న చదివేది. "లేదని రాయక్కా," అనేవాడు. ఎనిమిదిసార్లు చదివేది, ఎనిమిదిసార్లు అనేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఆమె లేదని రాసేది. ఒకసారి కన్ను పూర్తిగా మూసుకుపోయి వచ్చినప్పుడు మాత్రం మూడో ప్రశ్న దగ్గర ఆగి అడిగింది. కాలు జారి పడ్డానన్నాడు. కడుపునొప్పి అని సెలవడిగే పిల్లల నాలుక చాపించి చూసే ఎస్తేరు టీచరు, ఆ మాట నమ్మి లేదని రాసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు సునీల్ ఉన్నాడు. చేతిలో కొత్త ఫారం. వచ్చే ఆదివారం హిందూపురంలో పెద్ద కార్యక్రమం, దానికి విజయ్ కుమార్ రావాలని చెప్పాడు. కార్యక్రమం దేనికంటే, దెబ్బలు తిని ఆరోగ్యం పాడైన పాత బాక్సర్ల సంక్షేమ నిధికి. కొత్త కుర్రాళ్లతో పాత బాక్సర్లు తలపడతారు. అంటే, దెబ్బలు తిన్నవాళ్లకు వైద్యం చేయించడానికి ముందు వాళ్లు ఇంకొన్ని దెబ్బలు తినాలి. సునీల్‌కు అందులో తిరకాసేమీ కనిపించలేదు. ఎస్తేరు కాసేపు చూసింది, కనిపిస్తుందేమోనని.

తర్వాత ఫారం తీసుకుని కూర్చుంది. ఈసారి తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. ఎనిమిది చోట్లా అవునని రాసింది. మరుపు దగ్గర తేదీ, ధర్మవరం ప్లాట్‌ఫారం, అతను అన్న మాట కూడా రాసింది.

సునీల్ చదివి నవ్వబోయి మానుకున్నాడు. "ఇట్ల రాస్తే డాక్టరు సైను పెట్టడు మేడం."

"పెట్టకూడదనే రాసినా."

"మరి ఇన్నేండ్లు మీరు రాసిందంతా అబద్ధమేనా?"

"అబద్ధమే."

అతను ఆ ఫారం అక్కడే వదిలేసి, బ్యాగులోంచి ఇంకొకటి తీసి విజయ్ కుమార్‌కు ఇచ్చాడు. నీవే టిక్కులు పెట్టుకోప్పా అన్నాడు. విజయ్ కుమార్ పెట్టుకున్నాడు. అక్క ముఖం చూసి, అవతలి పిల్లోడు నెల రోజులుగా తయారైతాండాడని, తాను పోకపోతే వాని కష్టం వృథా అవుతుందని నచ్చజెప్పాడు. తన్ను కొట్టబోయేవాడి మీద కూడా అతనికి అంత దయ.

శనివారం ఎస్తేరు కూడా తమ్ముడి వెంట హిందూపురం పోయింది. కల్యాణమండపంలో పరీక్షలు. డాక్టరు కుర్రవాడు, ముఖ్య అతిథి కూడా కావడం వల్ల అప్పటికే మెడలో శాలువా ఉంది. బీపీ చూశాడు. రెండు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. ఎదుటివాడి చేతులు చూసుకుంటూ బతికిన మనిషికి అది కష్టమైన ప్రశ్న కాదు. రెండు అన్నాడు విజయ్ కుమార్. డాక్టరు పెన్ను తీశాడు.

ఎస్తేరు తను నింపిన ఫారాన్నీ, పాత జిరాక్సు కట్టనూ బల్ల మీద పెట్టింది. "ఇవన్నీ నేనే రాసినా సార్. ఇవి తప్పు. ఈ ఒక్కటి ఒప్పు."

డాక్టరు చదివాడు. శాలువా తీసి పక్కన పెట్టి, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "ఇంట్లో ఎవరెవరుండారప్పా?"

"అమ్మ, అక్క సార్. అమ్మకు మోకాళ్ల నొప్పులు. తొందరగా పోవల్ల."

డాక్టరు ఎస్తేరు వైపు చూశాడు. ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. డాక్టరు, విజయ్ కుమార్ ఇక రింగు ఎక్కకూడదని రాసి, తలకు స్కాన్ తీయించమని అనంతపురం పెద్దాసుపత్రికి చీటీ ఇచ్చాడు. తన మాట ఈ పోటీలు నడిపే ఒక్క సంఘంలోనే చెల్లుతుందని, ఇంకో సంఘానికి ఇంకో డాక్టరుంటాడని, ఎవరిని ఆపారో ఒకరికొకరు చెప్పుకునే పట్టిక ఏదీ లేదని కూడా చెప్పాడు. సిగ్గుపడుతూనే చెప్పాడు.

సునీల్ గుమ్మం దగ్గర అడ్డం నిలబడ్డాడు. "బంగారట్లాంటి మనిషిని పనికిరానోన్ని చేస్తిరి గదా మేడం."

"నువ్వొక్కడివే చేయలేదులేప్పా. సగం నా రాతే," అంది ఎస్తేరు.

అతను అప్పటికే ఫోనులో ఉన్నాడు. విజయ్ కుమార్ బదులు, రొళ్ల ఊళ్లో ఉండే పాత బాక్సరు గంగాధరను పొద్దున్నే బస్సెక్కమంటున్నాడు.

తిరుగు రైల్లో విజయ్ కుమార్ అన్నాడు, "గంగాధర పోయిన నెలే పడినాడక్కా. లేపేకి ముగ్గురు పట్టినారు. నేను ఆడే ఉన్నా."

ఆ సంగతి అతనికి తేదీతో సహా గుర్తుంది. ఎస్తేరు సునీల్‌కు ఫోను చేసింది, ఎత్తలేదు. మరుసటి పొద్దున డాక్టరుకు ఫోను చేసి చెప్పింది. గంగాధర ఫారం తన బల్ల మీదికే వచ్చిందని, మూడో ప్రశ్నకు లేదని ఉందని, కాగితం మీద లేనిదాన్ని తాను ఎలా ఆపగలనని అతను అన్నాడు. ఆదివారం సాయంత్రం గంగాధర ఆరు రౌండ్లూ నిలబడ్డాడట. సంక్షేమం గురించి నలుగురు మాట్లాడారట.

అనంతపురంలో స్కానుకు పేరు రాయించి మూడు వారాలైంది, ఇంకా తీయలేదు. గంగాధర ఎలా ఉన్నాడో చూడటానికి రొళ్లకు ఇంకా ఎవరూ పోలేదు.