పన్నెండో ఎముక

అజీజాబీ చేతిలోని చీటీ చూడగానే స్వర్ణలతకు ఒళ్ళు మండింది. నాలుగు నెలల్లో ఇది మూడో చీటీ.

పుంగనూరు బస్టాండు వెనక ల్యాబులో స్వర్ణలత పదకొండేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తోంది. నిరుడు మదనపల్లెలో ఒక కైరోప్రాక్టిక్ క్లినిక్ తెరిచారు. మెడా వెన్నూ చేత్తో నొక్కి, టక్కుమని తిప్పి, మందుల్లేకుండా నొప్పులు పోగొడతామని బోర్డు పెట్టారు. అక్కడినుంచి ఎవరొచ్చినా చీటీలో ఒకటే రాత: మెడనుంచి నడుందాకా, నిలబెట్టి, ముందునుంచీ పక్కనుంచీ. ముసలమ్మకూ అదే, కాలేజీ పిల్లకూ అదే. కింద ఇంకో మాట: రిపోర్టు అక్కర్లేదు, ఫిల్ము చాలు.

"నొప్పి తగ్గిందామ్మా?" అని అడిగింది, ఆమెను ఎక్స్‌రే పలకకు ఆనించి నిలబెడుతూ.

"యాడ తగ్గింది పాపా. ముందు కుట్టు మిషను కాడ కూసుంటేనే నొప్పి. ఇప్పుడు తుమ్మినా పానం పోతాండాది. అయినా ఆయప్ప ఇంకా నొక్కాలంటాండాడు."

అజీజాబీకి అరవై రెండేళ్ళు. నలభై ఏళ్ళుగా లంగాలు కుట్టిన మనిషి.

తెరమీద పక్కనుంచి తీసిన బొమ్మ పడింది. స్వర్ణలత కంప్యూటర్లోంచి పాత బొమ్మలు రెండూ బయటికి లాగి పక్కన పెట్టింది. జనవరిలో వెన్నుపూసలన్నీ ఇటుకలు పేర్చినట్టు సమంగా ఉన్నాయి. మార్చిలో పక్కటెముకలు ముగిసేచోట, పన్నెండో పూస ముందు అంచు కాస్త కుంగింది. ఇప్పుడు మేలో అది ముందువైపు సగానికి సగం నలిగిపోయి ఉంది. ఆ పూసమీదే రేపు మళ్ళీ చేతులు పడబోతున్నాయి.

ల్యాబు యజమాని వరదరాజులుకు చూపించింది.

"నువ్వేమన్నా డాక్టరువా? బొమ్మ తీసేది మన పని. చదివేది వాళ్ళ పని," అన్నాడాయన.

"వాళ్ళు చదవలేదు సార్. నేను చెప్తాండేది అదే."

"ఆ క్లినిక్కు లేకుంటే మన మిషనుకు దుమ్ము పడతాది. నోరు మూసుకో."

మార్చి బొమ్మ తీసింది కూడా తనే. అప్పుడు కుంగిన అంచు కనబడినా నోరు మూసుకునే కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ సంగతి గుర్తొచ్చి తనమీద తనకే అసహ్యం పుట్టింది. బయటికొచ్చి, పూస నలిగిందనీ మదనపల్లెకు పోవద్దనీ అజీజాబీకి చెప్పింది. ఆమె నమ్మలేదు. "ఆయప్ప డాక్టరు. నువ్వు ఫోటో తీసేదానివి. నీ మాట వింటే ఎట్ల పాపా?"

"అయితే నేనూ వస్తా. నా ముందర అడుగుదువు."

మర్నాడు ఇద్దరూ పోయారు. క్లినిక్ నడిపే కిరణ్ పేరుకు ముందు డాక్టర్ అని అద్దంమీద పెద్ద అక్షరాలతో రాసుంది. వెలిగే పెట్టెమీద ముందునుంచి తీసిన ఫిల్ము ఒక్కటే తగిలించి, స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీశాడు.

"చూడమ్మా, జనవరిలో పదహారు డిగ్రీల వంకర. ఇప్పుడు పదకొండు. ఇంకో పది సిట్టింగులకు వెన్ను నిటారుగా వస్తుంది."

"జనవరిలో ఆమె ఎడమకాలు నొప్పని కుడికాలిమీద బరువేసి నిలబడింది సార్," అంది స్వర్ణలత. "నిలబెట్టింది నేనే. అది కాలి వంకర, ఎముక వంకర కాదు. పక్కనుంచి తీసింది పెట్టండి."

"అది అవసరం లేదు."

"అవసరం లేనిదాన్ని మూడుసార్లు యాల తీయించినారు?"

తనే ఫిల్ము తీసి పెట్టెమీద పెట్టింది. వేలితో పన్నెండో పూస చూపించింది. కిరణ్ ఒక చూపు చూశాడు.

"వయసుకు వచ్చే అరుగుదల. అందరికీ ఉంటుంది."

"జనవరిలో లేదు సార్."

"నువ్వు టెక్నీషియన్‌వి కదా?"

"అవును. టెక్నీషియన్‌కు కనబడింది మీకు కనబడకపోతే ఈ గీతలు ఎవురికోసం గీస్తాండారు?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీమీద కూర్చున్నవాళ్ళకు అంతా వినబడుతోంది. వాల్మీకిపురంనుంచి వచ్చిన కొండప్ప అనే రైతు తన కవరు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాకూ మూడు తీయించినారు సార్. వీటిలో ఏముండాదో ఎవురన్నా సూసినారా?" అని మెల్లగా అడిగాడు.

కిరణ్ రిసెప్షన్‌కు కేకేసి ఇద్దర్నీ బయటికి పంపమన్నాడు. అప్పటికే బల్లమీద పడుకోబోయిన అజీజాబీ చెప్పులేసుకుని స్వర్ణలత చెయ్యి పట్టుకుంది.

అజీజాబీ కూతురు అఫ్సానా కాపురం కుప్పంలో. ఆ మధ్యాహ్నమే స్వర్ణలత అజీజాబీని తెలిసినవాళ్ళ కారు వెనకసీట్లో పడుకోబెట్టుకుని, గుంతలొచ్చినచోటల్లా నెమ్మదిగా పోనిమ్మంటూ కుప్పం ఆసుపత్రికి చేర్చింది. ఎముకల డాక్టరమ్మ మూడు ఫిల్ములూ వరసగా పెట్టి చాలాసేపు చూసింది.

"ఎముకలు బాగా గుల్లబారాయి. ఇలాంటి వెన్నుమీద చెయ్యి వేయనేకూడదు. ఎందువల్ల నలిగిందో నేను ఖచ్చితంగా చెప్పలేను. కానీ మార్చి ఫిల్ములోనే ఉంది కదా. ఇంకోసారి గట్టిగా తోసుంటే కాళ్ళు పడిపోయేవేమో. మార్చిలో ఇది చూసిందెవరు?"

స్వర్ణలత తల దించుకుంది. "నేను చూసినా మేడమ్. చెప్పలేదు."

పుంగనూరుకు తిరిగొచ్చి, తన తప్పుతో సహా మొత్తం రాసి జిల్లా వైద్యాధికారికి పంపింది. వరదరాజులు రేపట్నుంచి రావద్దన్నాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు, ఎక్స్‌రే తీసే అర్హత ఇక్కడ ఎవరికుందని అడిగేసరికి, పద్దెనిమిదో రోజు ఆయనే ఫోన్ చేసి పిలిచాడు. డాక్టరు చూసి రిపోర్టు రాయనిదే వెన్ను ఫిల్ము ఒక్కటీ గడప దాటదని చెప్పి మరీ స్వర్ణలత చేరింది. మదనపల్లె క్లినిక్ అద్దంమీద డాక్టర్ అన్న మాట ఒక్కటే చెరిపేశారు. మిగతాదంతా అట్లాగే నడుస్తోంది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ స్వర్ణలతకు అన్నం సహించదు.

అజీజాబీ నడుముకు బెల్టు కట్టుకుని మూడు నెలలు కూతురింట్లోనే ఉండింది. చూడ్డానికి పోయిన స్వర్ణలతను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒక్క మాట చెప్పు పాపా. దీపమేసి నా ఎముకలన్నీ నాకే సూపించినాడే, ఆ నలిగింది వానికి కనబడలేదా? కనబడీ చెప్పలేదా?"

"తెలీదమ్మా."

"కనబడకపోతే వాడు నన్ను ముట్టుకోకూడదు. కనబడీ ముట్టుకున్నాడా, అల్లా వాన్ని అడగాల," అంది అజీజాబీ. మళ్ళీ తనే, "అల్లాకంటే ముందు నేనే అడుగుతా. నన్ను లేచి నడవనీ," అంటూ బెల్టు బిగించుకుంది.