తొంభై ఒకటి ప్రధాన సంఖ్యేనా?

ఆ రెండు జవాబు పత్రాలూ చూడగానే లెక్కల టీచరుకు ఒళ్ళు మండింది. ఒకటి తన కూతురిది, రెండోది మరిది కూతురు పిచ్చుకది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే తరగతి, ఒకే బెంచీ. ప్రధాన సంఖ్యల చుట్టూ సున్నా చుట్టమంటే ఇద్దరూ తొంభై ఒకటికీ, నూట పందొమ్మిదికీ, నూట ముప్పై మూడుకీ కూడా చుట్టారు. రెండుతో, మూడుతో, ఐదుతో తెగవు కాబట్టి అవి చూడ్డానికి అమాయకంగానే ఉంటాయి. ఏడుతో భాగిస్తే గుట్టు బయటపడుతుంది. ఏమరుపాటున ఒకరు పడ్డారంటే సరే, ఇద్దరూ సరిగ్గా ఆ మూడింటి దగ్గరే పడతారా?

ఎవరిది చూసి ఎవరు రాశారన్న సందేహం మాత్రం ఆమెకు రానే లేదు. పోయిన పరీక్షలో పిచ్చుకకు నూటికి నూరు వచ్చినప్పటినుంచీ ఆమె మనసులో ముల్లు కదులుతూనే ఉంది.

సాయంత్రం కూతుర్ని మేడ మీదికి పంపేసి, పిచ్చుకను వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టింది. తోడికోడలు కూరగాయలు తరుగుతూ ఓరకంట చూస్తోంది.

"రెండు వందల ఇరవై ఒకటి. ప్రధాన సంఖ్యేనా?"

పిల్ల కాసేపు పెదవులు కదిపింది. "కాదు పెద్దమ్మా. పదమూడు పదిహేడులు."

టీచరు కంగు తింది. "మరి తొంభై ఒకటి?"

"ఏడు పదమూళ్ళు."

"తెలిసే తప్పు రాశావా?"

పిచ్చుక తల్లివైపు చూసింది. తరుగుతున్న కత్తి ఆగింది.

"అక్క పేపరు చూసి రాశా. పోయినసారి నాకు ఎక్కువొస్తే, ఎవరిది చూసి రాశావని అందరి ముందూ నిలబెట్టావు కదా. అక్కకెన్నో నాకూ అన్నే వస్తే ఏమీ అనవనుకున్నా."

తోడికోడలు తలెత్తకుండా మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు అనేసినా బాగుండేదనిపించింది టీచరుకు.

"రేపు మళ్ళీ పరీక్ష పెడతా. నీకొచ్చింది నువ్వు రాయి," అంది చివరికి.

"అక్కకు తక్కువొస్తేనో?"

"వస్తే రానీ. అది నా తలనొప్పి."

మర్నాడు తరగతిలో ఇద్దర్నీ చెరో మూలా కూర్చోబెట్టింది. పిచ్చుక ఒక్క తప్పు లేకుండా రాసింది. కూతురు మళ్ళీ ఏడు దగ్గరే బోల్తా కొట్టింది. టీచరు ఎవరి మార్కులు వాళ్ళకు వేసి, పిచ్చుకను దగ్గరికి పిలిచి వీపు తట్టబోయింది. అంతలోనే, పాడు అలవాటు, ఆమె చూపు పిల్ల అరచేతుల మీదికి జారింది.

పిచ్చుక అది పసిగట్టింది. రెండు చేతులూ చాచి, అటూ ఇటూ తిప్పి చూపించింది.