‘అండి’ తీసేసిన మందు

ముందే ఒప్పేసుకుంటాను: ఈ సంగతి విన్నప్పటి నుంచి నేను ఫోనులో ఎవరికీ ‘అండి’ లేకుండా ఒక్క ముక్క కూడా పంపడం లేదు. మా ఇంటి పిల్లిని కూడా ‘రండి, తినండి’ అంటున్నాను. అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది. చూస్తే చూడనివ్వండి. నా భయం నాది.

కథ ఫోనమ్మది. ఆమెకి అసలు పేరొకటి ఉంది గానీ, రైతులెవరికీ దాంతో పని పడలేదు. రోజూ పొద్దున్నే వాళ్ల ఫోన్లలో మోగే గొంతు ఆమెది. ఇవాళ నీళ్లు పెట్టండి, రేపు గాలి, ఈ పురుగు కనపడితే ఇలా చెయ్యండి.

కొన్ని దేశాలు కలిసి, ఆకలి మీద యుద్ధం అని మొదలుపెట్టిన పని అది. తుపాకులేం లేవు, మొక్కలే. చేల మధ్య వరసలుగా చెట్లు పెంచాలి. చెట్టు గాలిని ఆపుతుంది, రాలిన ఆకు నేలకి బలమిస్తుంది, కాయ కరువులో కడుపు నింపుతుంది. పోయినేడు వేడిగాలి పైమట్టినంతా ఊడ్చుకుపోయి ఒంటిపూట తిని బతికిన ఇళ్లకి, ఇది ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ మొక్కలన్నీ పెరుగుతున్నది ఫోనమ్మ పెద్దమ్మ నర్సరీలో. తల్లి పోయాక ఫోనమ్మని పెంచింది కూడా ఆవిడే. మొక్కల్నీ పిల్లనీ ఒకే నోటితో తిట్టి, ఒకే చేత్తో సాకింది. వానలు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. ఇప్పుడు మొక్కలు పోతే మళ్లీ గింజ మొలిపించే వ్యవధి లేదు. చేలు ఇంకో ఏడాది బోడిగానే గాలికి నిలబడాలి.

ఫోనమ్మ పని బయటికి కనిపించినంత గొప్పదేం కాదు. ఒక గదిలో కూర్చుని మాటల్ని విడివిడిగా రికార్డు చేసింది. రోజూ ఆమె టైపు చేసిన వాక్యాన్ని ఎక్కడో దూరదేశంలోని ప్రోగ్రాము ఆ మాటలతో కుట్టి పంపుతుంది. సిగ్నలు సరిగ్గా అందని ఊళ్ల కోసం మెసేజి పొట్టిగా ఉండాలి. మొన్న సాయంత్రం ఆకుమచ్చ తెగులు గురించి రాస్తే, ‘పొడుగైంది’ అని ఎర్రగీత వచ్చింది. ఆమె గీత పోయేదాకా ‘అండి’లన్నీ పీకేసింది. ‘మందు కలుపు, మొక్కలకు కొట్టు.’ మర్యాదకేం, రేపు మళ్లీ పెట్టుకోవచ్చు అనుకుంది.

మర్నాడు ఫోనమ్మ ఆఫీసు జీపులో పక్క ఊరికి బయల్దేరింది. డ్రైవరుని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ, నీ గొంతు పొద్దున్నే అందర్నీ మందు కొట్టమంటోందేంటమ్మా, మీ పిన్ని వింటే నా కొంప కొల్లేరే, అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఏదీ వినిపించు, అంది. ఆయన ఫోను పైకెత్తి నొక్కాడు.

“ఆకుమచ్చ వస్తోంది. కలుపు మందు మొక్కలకు కొట్టు.”

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ ప్రోగ్రాము రాసినవాళ్ల భాషలో చేసే పని ముందొస్తుంది, వస్తువు తర్వాతొస్తుంది. అప్పుడప్పుడూ చేసినట్టే ‘మందు కలుపు’ని అది తన అలవాటు కొద్దీ తిరగేసింది. ‘కలపండి మందు’ అని వచ్చుంటే జనం నవ్వుకుని ఊరుకునేవాళ్లు. ఆమె ‘అండి’ పీకేసింది గనక అది ‘కలుపు మందు’ అయింది. కలుపుని మాడ్చి చంపే మందు. పచ్చగా ఉన్న దేన్నయినా చంపే మందు.

“బాబాయ్, నర్సరీకి తిప్పు.”

ఆయన ఆమె మొహం చూశాడు, తిప్పాడు.

పెద్దమ్మకి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. తడుస్తుందని ఆవిడ ఫోనుని షెడ్డులో మేకుకి తగిలిస్తుంది. ఆఫీసులో పెద్ద సారుకి చెప్తే, కంగారు పడకు, సవరణ పంపు, కాకపోతే వరసలో వెళ్తుంది, అందరికీ చేరేసరికి కాస్త టైము పడుతుంది, అన్నాడు. ఈసారి ఆమె ప్రోగ్రాముని నమ్మలేదు. జీపు కుదుపుల్లోనే, మొత్తం వాక్యం ఒక్క ఊపిరిలో రికార్డు చేసి పంపింది. తర్వాత మళ్లీ పెద్దమ్మకి చేసింది. మోగుతూనే ఉంది.

గేటు దగ్గరే వాసన తగిలింది. నాలుక వెనక చేదుగా అంటుకునే వాసన.

పెద్దమ్మ మూతికి గుడ్డ కట్టుకుని, వీపున ట్యాంకుతో మడుల మధ్య నెమ్మదిగా నడుస్తోంది. ఆవిడ వెనక మడులన్నీ తడిగా మెరుస్తున్నాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉన్నాయి.

“పెద్దమ్మా, ఆపు. కొట్టకు.”

ఆవిడ గుడ్డ కిందికి లాగింది. “నువ్వే కదే కొట్టమన్నావు?”

“తప్పొచ్చింది. మెషీను తిప్పేసింది. నేను...”

“నాకూ అనుమానమొచ్చింది,” అంది పెద్దమ్మ, మెల్లగా. “పసిమొక్కలకి కలుపు మందేంటి, చంపడానికా అనుకున్నా. ఇంకోసారి విన్నా. నీ గొంతే. నా పిల్ల ఊరికే చెప్పదులే అని ట్యాంకెత్తుకున్నా.”

తిట్టుంటే బాగుండేది. పెద్దమ్మ తిట్టలేదు.

ముగ్గురూ పైపులు లాగారు. ఆకు మందుని ఇంకా పీల్చుకోకపోతే కడిగితే పోవచ్చు. పీల్చేసుకుంటే కడిగేది శవాన్నే. ఫోనమ్మ మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో ఆకునీ రెండు వేళ్ల మధ్య పట్టి, జ్వరమొచ్చిన పసిదాని మొహం తుడిచినట్టు కడిగింది. డ్రైవరు నీళ్లు తోడుతూనే ఉన్నాడు, ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

అప్పుడు షెడ్డులో ఫోను మోగి, ఎవరూ ఎత్తకుండానే స్పీకరులో ఆమె గొంతే వచ్చింది. “అమ్మా, అయ్యా, పొద్దున చెప్పింది తప్పండి. కలుపు మందు కొట్టకండి, మీకు దణ్ణం పెడతాను, కొట్టకండి.”

రోడ్డవతల ఏదో ఇంట్లో అదే గొంతు కొంచెం ఆలస్యంగా పలికింది. దాని అవతల ఇంకోటి. అక్కడ పెరట్లో ఎవరి చేతిలో ఏముందో ఇక్కణ్ణుంచి కనపడదు.

పెద్దమ్మ పైపు పట్టుకుని అటే విన్నది. “ఇదీ నువ్వేనా?”

“నేనే, పెద్దమ్మా.”

“పొద్దున్న చెప్పిందీ నువ్వే.” ఆవిడ మళ్లీ మొక్కల మీదికి వంగింది. “ఇకమీదట నీ గొంతు వినపడితే నేనేం చెయ్యాలే?”

ఫోనమ్మ ఒక ఆకు అంచుని వెలుతురుకి ఎత్తి చూసింది. అక్కడ సన్నగా పసుపు కనిపించింది. ఎండ పడటం వల్లేమో. ఎండే అయ్యుండాలి. ఇంకో ఆకు ఎత్తింది.

మీకూ ఇలా ఒక చిన్న మాట జారి, ఒళ్లు చల్లబడిన రోజు ఉందా? ఉంటే రాసి పంపండి. కాస్త పొడుగైనా ఫర్వాలేదు, ‘అండి’లు మాత్రం పీకకండి.