ఎలుక కొరికిన స్వరం

నేను పియానోలు బాగుచేస్తాను. నలభై ఏళ్ల పనిలో చూడని వింత లేదు. ఒక పియానో ఎంత బరువంటే, దాన్ని మేడ ఎక్కించిన ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ వంగే నడుస్తున్నారు. ఇంకోదాని కడుపులో పిల్లి ఆరు పిల్లల్ని పెట్టింది. ఒక్కోటి ఒక్కో స్వరంలో అరిచేది. ఏడోది కూడా పుట్టుంటే ఈపాటికి సంగీతం బడి పెట్టేవాణ్ణి.

కింది వాటాలోకి ఈ మధ్యే దిగిన దర్జీ ఇవన్నీ మిషను ఆపి మరీ వింటాడు. "కొయ్యండి గురువుగారూ, కొయ్యండి! నా కత్తెరకి కూడా ఇంత పదును లేదు" అంటాడు.

ఇప్పుడు చెప్పేది మాత్రం కోత కాదు.

తమ్ముణ్ణి నేనే పెంచాను. విద్య నాకు చెవుల దగ్గరే ఆగిపోయింది, వాడికి వేళ్లలోకి దిగింది. ఎవరో వద్దనుకున్న పాత పియానో ఒకటి మా గదిలో ఉండేది. దాని మధ్యలో ఒక మీట మూగది. లోపల తీగను కొట్టే సుత్తికి చుట్టిన మెత్తటి గుడ్డతో సహా సగం కొయ్యని ఎలుక తినేసింది.

వాడు సంగీత కళాశాలకు వెళ్లిపోయిన రోజు గుమ్మంలో నిలబడి వాడి అడుగులు విన్నాను. ట్రంకు పెట్టెతో మెట్లు దిగుతున్నాడు. ఒక అడుగు, పెట్టె ఆనిన చప్పుడు, ఇంకో అడుగు. మెట్ల మలుపులో ఆగాడు. వెనక్కి చూస్తున్నాడనుకున్నాను. మళ్లీ దిగాడు. వీధి తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రమే ఆ అడుగుల్ని పియానో మీద వెతుక్కున్నాను. దిగులు పలికే మైనర్ స్కేలు, బాగా నెమ్మది, మహా అయితే రెండు నిమిషాలు. స్వరాలు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. సరిగ్గా మలుపు దగ్గర నా వేలు మూగ మీట మీద పడింది. చప్పుడు రాలేదు. రాకపోవడమే బాగుందనిపించింది, వాడు ఆగింది అక్కడేగా! ఊళ్లో పియానోలన్నీ బాగుచేశాను గానీ, ఆ ఒక్క మీట జోలికి పోవడానికి చెయ్యి రాలేదు.

పోయినేడు తమ్ముడు వచ్చాడు. ఇప్పుడు పేరున్న కళాకారుడు; కోటు నలుగుతుందేమోనని ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తాడు. మూడు రోజులు నా పక్కన కూర్చుని ఆ పాటను కాగితం మీద ఎక్కించుకున్నాడు.

"నీకు రాయడం రాదు కదన్నయ్యా. నీతోనే పోతే ఎలా? నా దగ్గర భద్రంగా ఉంటుంది."

వెళ్లబోతూ జేబులోంచి పొట్లం తీశాడు. అందులో కొత్త సుత్తి.

"ఎన్నాళ్లు దీనికీ బోసినోరు? నా మాట మీదైనా బాగుచెయ్యి."

గుర్తుపెట్టుకుని తెచ్చాడే అని పొంగిపోయాను. వాడి కళ్లముందే బిగించాను.

ఆరు నెలల తర్వాత దర్జీ కింది నుంచి కేకేశాడు. "గురువుగారూ, మీ తమ్ముడు రేడియోలో!"

దిగి వెళ్లాను. తమ్ముడి సొంత రచనట, పేరు 'సెలవుల ఉదయం'. హుషారు పలికే మేజర్ స్కేలు, దౌడు తీసే గుర్రం. మొదట పోల్చుకోలేదు. అంతలో స్వరాలు గబగబా కిందికి దిగి, దిగి, మధ్యలో ఒక చోట ఠక్కున ఆగాయి. అయ్యాక రేడియో ఆయన, "ఆ నిశ్శబ్దం ఎంత గొప్ప ఊహ!" అన్నాడు.

ఊహ! ఎలుకది.

"అది నా పాట" అన్నాను.

"పాడింది పిల్లిపిల్లలేనా?" అన్నాడు దర్జీ. "మీరు పైన వాయించేది ఈసురోమంటూ నడుస్తుంది. ఇది గెంతుతోంది కదండీ."

"ఆ ఆగిన చోటు విన్నావా? నా పియానోలో అక్కడ మీట మూగది. పద, చూపిస్తా."

ఆవేశంలో వాణ్ణి పైకి లాక్కెళ్లి మీట నొక్కాను. గంట కొట్టినట్టు ఖంగుమంది.

దర్జీ నా ముఖం చూసి నవ్వు దాచుకున్నాడు. "ఎలుక తిన్నది మళ్లీ మొలిచినట్టుంది, గురువుగారూ."

వాడు దిగిపోయాక తమ్ముడికి ఫోను చేశాను. "ఒరేయ్, నాకింకేం వద్దు. ఒక్కసారి ఆ మైకులో, ఇది మా అన్నయ్యదని చెప్పు."

"ఇప్పుడెలా చెప్పమంటావన్నయ్యా?"

"అయితే నేనే చెబుతా."

"చెప్పు. పియానోలో పిల్లి ఆరు పిల్లల్ని పెట్టిందన్నావు, నాలుగే పెట్టింది. నీ మాట ఎవరు నమ్ముతారు?" మెల్లగా అన్నాడు. "ఆ మీట కూడా ఇప్పుడు పలుకుతోందిగా."

అప్పుడు గానీ ఆ పొట్లం ఎందుకు తెచ్చాడో నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

"పోనీలే. అంత వేగం ఎందుకురా? నువ్వు దిగింది నెమ్మదిగా కదా."

"పెట్టె బరువన్నయ్యా. లేకపోతే పరుగెత్తేవాణ్ణి."

"మలుపులో ఆగావు."

"చెయ్యి మార్చుకున్నాను."

ఫోను పెట్టేశాను. పట్టకారు తీసుకుని పియానో తెరిచి కొత్త సుత్తిని ఊడదీశాను. తర్వాత కూర్చుని పాట మొదలుపెట్టాను, నా స్కేల్లో, నా నడకలో. కింద కుట్టుమిషను ఎప్పుడు ఆగిందో గమనించలేదు. స్వరాలు ఒక్కొక్కటే దిగి మలుపు దగ్గరికొచ్చాయి. వేలు వేశాను.

చప్పుడు లేదు. ఈసారి అక్కడ ఎవరూ వెనక్కి చూడలేదు.