సున్నం గీత

రేపు రోడ్డు మధ్యన ఇనుప కంచె వేస్తారు. వేస్తే, కుట్టుమిషనమ్మాయి అత్తగారు చేతికర్రతో ఎదుటి ఆసుపత్రికి మైలు చుట్టి వెళ్ళాలి. మనుషులకీ సైకిళ్ళకీ కాస్త దారి వదలమని ఆ అమ్మాయి ఆరు అర్జీలు పెట్టింది. "దాటేవాళ్ళు పట్టుమని పదిమంది లేరమ్మా," అని ఇంజనీరు తేల్చేశాడు. ఆఖరికి ఈ రోజు పదింటికి వచ్చి చూస్తానన్నాడు.

దారి ఎక్కడ కావాలో చూపడానికి, ఆమె తెల్లవారుతూనే మేస్త్రి బావగారి చేత రోడ్డుకి అడ్డంగా తడి సున్నంతో గీత వేయించింది. పది కాకముందే గీత మాయమైంది.

"గీత వెయ్యమంటే గోడకి పూసినట్టు పూశారు బావగారూ. అంతా కాళ్ళకంటుకుని పోయింది."

"నా చెయ్యి గోడలకే అలవాటమ్మా," అన్నాడాయన నసుగుతూ.

"ఏదీ గీత?" అంటూ ఇంజనీరు జీపు దిగాడు. తమ మేడ మీంచైనా ఆనవాలు కనబడుతుందేమోనని ఆమె ఆయన్ని పైకి తీసుకెళ్ళింది.

పైనుంచి చూస్తే, కార్లు ఈడ్చిన మరకలకి అడ్డంగా, తెల్లటి చెప్పుల అచ్చులు వందలకొద్దీ బడికీ మిల్లుకీ ఆసుపత్రికీ పాకిపోయి ఉన్నాయి. వాటి మధ్య దారప్పోగుల్లా సైకిళ్ళ జాడలు. రెండు వీధుల్నీ ఎవరో కలిపి కుట్టినట్టుంది.

"ఇంతమందా," అన్నాడు ఇంజనీరు మెల్లగా. "కంచెలో ఎంత వెడల్పు వదలమంటావమ్మా?" అని అడిగాడు.

ఆమె అచ్చుల పక్కనున్న గుండ్రటి చుక్కల్నే చూస్తోంది.

"కర్రతో నడిచేది మా అత్తగారొక్కరే అనుకున్నానండీ," అంది.