రోకలి మీద పసుపు గీత

నేను ఒక రోకలిని. చండ్రకర్రతో చేసినదాన్ని. పొడవు ఐదడుగులు, అడుగున ఇనుప పొన్ను, నడుం దగ్గర నాలుగు తరాల అరచేతులు రాసిన నునుపు. దంచేవాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు కాబట్టి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. కానీ ఒక పేటకు పేట ఉన్నచోట నిలబడిందంటే అందులో నా వంతూ కొంత ఉంది. ఆ సంగతి నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు?

నన్ను చెక్కిన వడ్రంగి పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తిచేసి, ఒక ఆసామి ఇంట్లో అప్పగించాడు. ముప్పై ఏళ్ళు ఆ ఇంటి వడ్లు దంచాను. ఊళ్ళోకి బియ్యం మిల్లు రాగానే ఆ ఇంటివాళ్ళు నన్ను గొడ్లసావిడి తలుపుకు అడ్డగడియ చేశారు. తిన్న అన్నం గుర్తుంచుకునే అలవాటు మనుషులకు తక్కువ. ఆ సావిడికి సున్నం వేయడానికి వచ్చిన ఒక ముసలామె నన్ను చూసి, "బంగారంలాంటి కర్రని గడియ చేశారేందయ్యా!" అని వాళ్ళను నాలుగు చీవాట్లు పెట్టి, అడిగి తీసుకుపోయింది. అలా సున్నపుబట్టీల పేటకు చేరాను. ముసలామె పోయాక ఆమె కోడలు తిరపతమ్మ చేతికి వచ్చాను.

సున్నపుబట్టీల పేట అంటే కాలువ ఒడ్డున ఆరు వరుసల ఇళ్ళు, వాటి వెనక పాత బట్టీల మెరక. బట్టీలు ఎప్పుడో ఆరిపోయాయి కానీ సున్నం పిచ్చి ఆరలేదు. ఈ పేటవాళ్ళకు గోడ మీద మరక కనిపిస్తే అన్నం సయించదు. పిల్లవాడు బొగ్గుతో గీత గీస్తే, వాడికి దెబ్బ పడేలోపే గోడకు సున్నం పడుతుంది. పేట పెద్ద వీరాస్వామి ఈ విద్యలో అందరికీ గురువు. తిరపతమ్మకు వరసకు బావ. తన కుంచె పోని సందు ఈ భూమ్మీద లేదని అతని నమ్మకం.

తిరపతమ్మ భర్త పోయాక ఆమె నన్నే నమ్ముకుంది. పట్నంలో ఎవరింట పెళ్ళి జరిగినా పసుపూ కారమూ మా ఇంటి నుంచే వెళ్ళేవి. మిల్లు పసుపులో ఆ వాసన రాదని పట్నం ఆడవాళ్ళు నడిచి వచ్చి మరీ పట్టుకెళ్ళేవాళ్ళు. మా అన్నం అంతా ఆ నడకదూరంలోనే ఉంది.

మూడేళ్ళ కిందట శ్రావణంలో తిరపతమ్మ చెల్లెలి కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళి పసుపు కొట్టే రోజున నన్ను కడిగి, కింది నుంచి పై దాకా పసుపు పూసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. ఐదుగురు ముత్తయిదువలు నన్ను పట్టుకుని పాటలు పాడుతుంటే నాకు వయసు వెనక్కి తిరిగినట్టనిపించింది. ఆ పని అయ్యాక ఇంకోసారి నిండా పసుపు పూసి, పడిపోకుండా కిటికీ ఊచకు పాత చీరముక్కతో కట్టి, మూల నిలబెట్టారు. పదహారు రోజుల పండగ అయ్యేదాకా ఆ రోకలిని కడగకూడదు, మరో పనికి ముట్టకూడదు. ఇది మా తిరపతమ్మ పట్టింపు. పట్టింపుల్లో ఆమెను మించినవాళ్ళు లేరు.

పెళ్ళయిన ఐదో రోజు కాలువ పొంగింది. నీళ్ళు మోకాళ్ళ దాకా రాగానే జనమంతా పిల్లల్నీ మేకల్నీ తీసుకుని బట్టీల మెరక ఎక్కారు. మూడు రోజులు అక్కడే ఉన్నారు. నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కాయో చూసినవాడు లేడు, నేను తప్ప. నా పొన్ను మునిగింది, నడుం మునిగింది, భుజం దగ్గరికి వచ్చి నీళ్ళు ఆగాయి. భయం వేయలేదని అబద్ధం చెప్పను.

నీళ్ళు తీశాక ఇంకే ఊరివాళ్ళయినా ముందు గిన్నెలు వెతుక్కుంటారు. మావాళ్ళు సున్నం కలుపుకున్నారు. బురద గీత కనిపిస్తే పరువు పోతుందన్నట్టు, పది రోజుల్లో పేట మొత్తాన్ని పాలలా తెల్లగా చేసి కూర్చున్నారు. సరిగ్గా పదకొండో రోజున మున్సిపాలిటీ ఇంజినీరు రెహానా టేపు పట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళ పిల్ల, మాట మెత్తన, చూపు చురుకు. వరద గీత కోసం గోడలన్నీ చూసి తెల్లబోయింది. "నీళ్ళు ఎంతవరకు వచ్చాయండీ?" అని అడగక తప్పలేదు.

వీరాస్వామి చెయ్యి తలపైకి ఎత్తి, "మా ఇంటో ఇదుగో, ఇక్కడిదాకా" అన్నాడు. పక్కింటాయన తన ఇల్లేం తీసిపోయిందని స్టూలెక్కి చూపించాడు. మూడో ఇంటాయన ఏకంగా ఫ్యాను చూపించాడు. ఎంత లోతు చెప్తే మున్సిపాలిటీకి అంత జాలి పుడుతుందని వాళ్ళ లెక్క. రెహానా అందరిదీ రాసుకుని ఎనిమిదిన్నర అడుగులని తేల్చింది.

నెల తిరిగాక బడి ముందు షామియానా వేసి సభ పెట్టారు. అక్కడి ముచ్చట నేను తర్వాత రోటి దగ్గర విన్నదే. అయినా రోలు చుట్టూ చేరిన ఆడవాళ్ళకంటే నమ్మకమైన పేపరు ఇంకోటి లేదు. రెహానా మూడు రంగుల పటాలు తగిలించింది. మొదటి పద్ధతి, ఉన్నచోటే గచ్చులు ఎత్తు పెంచి ఇళ్ళు బాగుచేసుకోవడం. నీళ్ళు మూడడుగులు దాటితే అది కుదరదు. రెండోది, కాలువ ఒడ్డున రెండు వరుసలు తీసేసి కాలువను వెడల్పు చేసి, ఆ కుటుంబాలకు బట్టీల మెరక మీద ఇళ్ళు కట్టివ్వడం. ఆరడుగులు దాటితే అదీ కుదరదు. మూడోది, పేట మొత్తాన్ని ఖాళీ చేయించి పద్నాలుగు కిలోమీటర్ల అవతల స్థలాలివ్వడం.

"మీరు చెప్పింది ఎనిమిదిన్నర అడుగులు. కాబట్టి మనకు మిగిలింది మూడోదేనండీ" అంది రెహానా.

వీరాస్వామి ఎత్తిన చెయ్యి ఎవరికీ గుర్తు రాకూడదన్నట్టు చేతులు కట్టుకున్నాడు. తిరపతమ్మ లేచి పటం దగ్గరికి వెళ్ళింది.

"అమ్మాయిగారూ, ఆరడుగుల్లోపే అయితే ఏ ఇళ్ళు పోతయ్?"

రెహానా నీలిరంగు పూసిన రెండు వరుసలు చూపించింది. మొదటి వరుసలో మూడోది తిరపతమ్మ ఇల్లు.

ఆమె తిన్నగా ఇంటికి వచ్చి నా ముందు నిలబడింది. పెళ్ళివాళ్ళ ఇంట కూడా నీళ్ళు రావడంతో పదహారు రోజుల పండగ వాయిదా పడింది. అందుకే నేనింకా కట్టినచోటే, కడగకుండా ఉన్నాను. భుజం పైన పచ్చగా, భుజం కింద బురదరంగుగా, మధ్యలో కొలిచి గీసినట్టు గీత. ఆమె గీతను చూసింది. తర్వాత గోడను నిమిరింది. ఆ గోడ ఆమె భర్త తన చేత్తో కట్టింది. నోరు మూసుకుంటే పేటంతా పోతుంది, నోరు తెరిస్తే పేట మిగులుతుంది, ఈ ఇల్లు మాత్రం ఎటూ పోతుంది. నాకు ఏడవడం చేతనైతే అప్పుడు ఏడ్చేదాన్ని. కాసేపటికి ఆమె ముక్కు చీదుకుని, "మెరకెంత దూరం, రెండొందల అడుగులేగా" అని నాతోనే అని, గబగబా బయటికి నడిచింది.

సభ సభంతా మా ఇంట్లోకి వచ్చింది. రెహానా వంగి చూసి, టేపు పెట్టింది. నాలుగడుగుల మూడంగుళాలు.

"మేమింతమందిమి చెప్తుంటే కర్రముక్క మాట నమ్ముతారా?" అన్నాడు వీరాస్వామి.

"ఊరుకో బావా. నువ్వు మెరక మీద కూచుని బీడీలు కాల్చావు. ఇది నీళ్ళలో నిలబడింది" అంది తిరపతమ్మ.

రెహానా నవ్వు ఆపుకుంటూ, "ఒక్క గుర్తు చాలదండీ, ఇంకోటి కావాలి. పెదనాన్నగారూ, మీ కుంచె పోనిచోటు ఏదైనా ఉంటుందా?" అంది.

ఆ మాట వీరాస్వామికి పౌరుషం తెప్పించింది. "నా కుంచె పోనిచోటా! రండమ్మా, చూపిస్తా" అని అందర్నీ తన ఇంటికి లాక్కెళ్ళి, ఎవరూ అడగకుండానే తానే చెక్కబీరువాను పక్కకు జరిపాడు. బీరువా వెనక తెల్లటి గోడ ఉందనుకున్నాడు పాపం. అక్కడ ఒక బీరువా వెడల్పున బురద గీత ఉంది. టేపు పెడితే నాలుగడుగుల మూడున్నర అంగుళాలు.

ముందు రెహానా నవ్వింది, తర్వాత పేటంతా నవ్వింది. చివరికి వీరాస్వామి కూడా తల గోక్కుంటూ నవ్వాడు. "ఆ అరంగుళం నా పరువుకు ఉంచండి" అన్నాడు.

రెండో పద్ధతి ఖాయమైంది. పదహారు రోజుల పండగ కూడా ఎట్టకేలకు జరిగి, నన్ను కడిగారు. గీత పోతుంటే కొంచెం బాధేసింది. అంతకుముందే రెహానా దాని ఎత్తు రాసుకుని, నన్ను ఆఫీసులో అద్దాల పెట్టెలో పెడతానని అడిగింది. "అద్దాల్లో కూచుంటే కారం ఎవరు దంచుతారమ్మా?" అంది తిరపతమ్మ. మ్యూజియం యోగం అలా తప్పింది. ఒక్క పూట చిన్నబుచ్చుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు మేం మెరక మీద కొత్త ఇంట్లో మొదటి అంతస్తులో ఉంటున్నాం. మొదటిరోజు పైన దంచితే పక్కింటివాళ్ళ దేవుడి పటం ఊడి పడింది. దాంతో రోలుతో సహా కిందికి దిగాం. నీళ్ళు వస్తే పోయేందుకని కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలారు. పట్నం ఆడవాళ్ళు అక్కడికే వస్తారు, పసుపు కంటే కబుర్లే ఎక్కువ పట్టుకెళ్తారు. రోటి దగ్గర నుంచి చూస్తే మా పాత ఇల్లు ఉన్నచోట కాలువ వెడల్పుగా పారుతూ కనిపిస్తుంది. తిరపతమ్మ రోజుకోసారి అటు చూస్తుంది. చూసి, మళ్ళీ నన్ను ఎత్తుతుంది.

మొన్న దసరా ముందు వీరాస్వామి స్తంభాలకు సున్నం వేయడానికి వచ్చాడు. పాత పేట వైపున్న మొదటి స్తంభం మీద, పాత ఇళ్ళలో వరద ఇంత ఎత్తు వచ్చిందని గుర్తుగా, నా మీది గీత లెక్కన రెహానా గీయించిన పసుపు గీత ఉంది. అతని కుంచె కింది నుంచి పైకి వస్తూ వస్తూ ఆ గీత దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. నేను రోట్లో ఊపిరి బిగపట్టి చూస్తున్నాను. అతను కుంచెను ఎత్తి, గీతకు పైన మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యలో జానెడు మేర సున్నం లేకుండా వదిలేశాడు.

"బావా, అక్కడ వదిలేశావేందీ?" అంది తిరపతమ్మ నవ్వుతూ.

"కనపడతానే ఉందిలే. నువ్వు దంచు" అన్నాడతను.