చెవి మీద పంటి గాటు

పాత సినిమా రీళ్లు బాగుచేసే ఆ కార్ఖానాలో ఒక పద్ధతుంది. పేరు తెలియని నటుణ్ణి ముఖం చూసి గుర్తుపట్టకూడదు, చెవి చూసి పట్టాలి. మీసం అంటించవచ్చు, ముక్కు లావు చేయవచ్చు, చెవి జోలికి మాత్రం మేకప్ వాళ్లు సాధారణంగా పోరు. పదేళ్లుగా అదే పనిలో ఉన్న రీళ్లమ్మాయి బస్సు ఎక్కినా ముందు జనం చెవులే చూస్తుంది.

ఈసారి ఆమె బల్ల మీదికి ఒక నలుపు తెలుపు నేరకథ వచ్చింది. వాన, నీడలు, సిగరెట్ పొగ, సందు చివర శవం. పేర్లు పడే మొదటి ముక్క ఎప్పుడో పోయింది. నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికల్లా నటుల జాబితా ఇస్తే టైటిళ్లు కొత్తగా వేయిస్తారు. ఆధారం లేని పేరు ఒక్కటి కూడా రానివ్వనని పెద్దసారు ముందే చెప్పేశాడు.

ఆమెకి కావాల్సింది ఒక్క పేరే, వాళ్ల మామయ్యది. ఈ సినిమాలో వేషం వేశానని ఆయన అప్పట్లో చెబితే ఇల్లంతా కట్టగట్టుకుని ఆయనతో పాటే హాలుకి వెళ్లిందట. అమ్మ జడ ఎంతకీ తెమలక, వీళ్లు వెళ్లి కూర్చునేసరికి పేర్లు అయిపోయాయి. కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూసినా మామయ్య కనిపించలేదు. ఎక్కడున్నావురా అని అడిగితే, ఉన్నానక్కా అన్నాడే తప్ప చూపించలేదు. ఆ రోజు నుంచి ఆయన పేరు 'కనపడని హీరో'. నలభై ఏళ్లుగా ఏ కొత్త చుట్టం వచ్చినా అమ్మ ఆ కథ చెప్పి నవ్విస్తుంది. పాపం ఆయనా నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే రీళ్లమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండుతుంది.

మామయ్య ఎడమ చెవి తమ్మెకి గాటుంది. చిన్నతనంలో బంతి కోసం కొట్లాడి అమ్మ కొరికింది. గుంపులో నిలబడ్డవాళ్లు, హోటల్ గుమాస్తా, పోలీసులు, అందరి చెవులూ ఆమె మూడు రోజులు గాలించింది. గాటు లేదు. అమ్మ మాటే నిజమేమోనని మనసు చివుక్కుమంది.

గడువు రోజు మధ్యాహ్నం రెండింటికి ఆశ వదులుకుని, తనకి నచ్చిన గుడ్డి సాక్షి దృశ్యం మళ్లీ వేసుకుంది. హంతకుడు మాట్లాడుతుంటే ఆ ముసలివాడు అగ్గిపుల్లల్ని ఒక్కొక్కటే తడిమి పెట్టెలో సర్దుతాడు. భయమంతా వేళ్లలోనే. ఈ మహానుభావుడు ఎవరై ఉంటాడా అని బొమ్మ ఆపింది. తెల్లజుట్టు కింద గాటు కనిపించింది.

ఇక ఆగలేకపోయింది. విషం కలిపే డాక్టరు చెవికీ గాటే. కత్తి పట్టిన రౌడీ చెవికీ గాటే. డాక్టరు మాటల్లో తేనె కారుస్తాడు, రౌడీ పై పెదవి కదపకుండా నవ్వుతాడు. ముగ్గురి నడకకీ గొంతుకీ పోలికే లేదు. మూడు రోజులుగా ఆ రౌడీ తెర మీదికి వస్తే చాలు, ఆమె కుర్చీ వెనక్కి జరుపుకునేది. చిన్నప్పుడు తనని భుజాన మోసినవాడని తెలిస్తేగా. పెద్ద వేషాల వైపు ఆమె అసలు చూడనే లేదు. మామయ్యకి అంత వేషం ఎవరిస్తారని తనూ అనుకుంది. అది గుర్తొచ్చి సిగ్గేసింది.

పెద్దసారు భూతద్దంతో చూసి, గాటు సరే, అది ఆయనదేనని చెప్పేదెవరు అన్నాడు. చెప్పగలిగింది కొరికినావిడే. కబురు అందుకుని అమ్మ నవ్వుకుంటూ వచ్చింది. మూడు బొమ్మలూ వరసగా చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"నా పళ్లే," అంది.

అక్కడి నుంచే తమ్ముడికి ఫోను చేసింది. "మూడు వేషాలు వేశానని ఎందుకు చెప్పలేదురా?"

"ఒక్కటి వేశానంటేనే నవ్వారు కదక్కా. మూడంటే నమ్మేవాళ్లా?" అన్నాడు తమ్ముడు. "అయినా గుడ్డివాణ్ణి చంపినప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. నాకు అది చాలనిపించింది."

అమ్మ కళ్లు తుడుచుకుని, మూడు చోట్లా వాడి పేరు రాయమని కూతురికి చెప్పింది. నాలుగింటికి పది నిమిషాలుండగా పెద్దసారు సంతకం పెట్టాడు.

బాగుచేసిన సినిమా మొదటి ఆటకి, పేర్లు తప్పిపోకుండా, అమ్మ గంట ముందే వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది.